గీత తాకని చుక్కలు

రామానుజన్ పేరు ఎత్తగానే ఎవరైనా 1729 అంటారు. టాక్సీ నంబరు, హార్డీ, ఆస్పత్రి మంచం: ఈ కథ తెలియని బడిపిల్లాడు ఉండడు. ఆ కథ అయిపోయాక కాస్త తెలివైన పిల్లలు వేసే ప్రశ్న ఒకటుంది. "సరే, అది సరదా మాట. ఆయన నిజంగా చేసిన పనేంటి?" పెద్దలకూ ఈ అనుమానం ఉంటుంది, కాకపోతే పైకి అడగరు. ఈ అధ్యాయం ఆ ప్రశ్నకే. పూర్తి జవాబు కాదు, అందులో ఒక మూల మాత్రమే. ఆ మూలలో రామానుజన్ మొదలుపెట్టిన పని ఆయన పోయిన ఎనభై ఏళ్లకు గాని ఒక కొలిక్కి రాలేదు.

1920 జనవరి 12న ఆయన మద్రాసు నుంచి కేంబ్రిడ్జిలోని హార్డీకి ఒక ఉత్తరం రాశాడు. అప్పటికే జబ్బు ముదిరింది. ఏప్రిల్ 26న కన్నుమూశాడు. హార్డీకి ఆయన రాసిన చివరి ఉత్తరం అదే. కొత్త రకం ప్రమేయాలు కనిపెట్టానని, వాటికి మాక్ తీటా ఫంక్షన్లని పేరు పెట్టానని అందులో ఉంది. వాటి జోలికి వెళ్లేముందు, నాలుగో తరగతి పిల్లలు కూడా చేయగలిగిన లెక్క ఒకటి చేయాలి.

నాలుగును విడగొట్టడం

4ను ఎన్ని రకాలుగా కూడికగా రాయవచ్చు? 4 ఒక్కటే, 3+1, 2+2, 2+1+1, 1+1+1+1. మొత్తం ఐదు. 3+1కీ 1+3కీ తేడా లేదని ముందే ఒప్పుకుందాం. వీటిని 4 యొక్క విభజనలు అంటారు. 5కు ఏడు విభజనలు, 6కు పదకొండు, 7కు పదిహేను, 8కి ఇరవై రెండు, 9కి ముప్పై, 10కి నలభై రెండు.

ఇక్కడిదాకా నెమ్మదిగానే సాగుతుంది. 100 దగ్గరికి వెళ్లేసరికి 19,05,69,292 రకాలు. 200కు వెళితే మూడు లక్షల తొంభై ఏడు వేల కోట్లు దాటుతుంది. సైన్యంలో మేజరుగా పనిచేసి గణితంలోకి వచ్చిన పెర్సీ మెక్‌మహన్ 1 నుంచి 200 వరకూ ఈ లెక్కలన్నీ చేత్తోనే కట్టి పట్టిక వేశాడు. కంప్యూటరు లేని రోజుల్లో అది ఎంత ఓపికో ఊహించుకోవచ్చు.

ఆ పట్టికలో రామానుజన్ కంటికి ఒక విషయం ఆనింది. 4, 9, 14, 19, 24 సంఖ్యల దగ్గర ఆగి చూడండి. వాటి విభజనల సంఖ్యలు వరసగా 5, 30, 135, 490, 1575. అన్నీ 5తో నిశ్శేషంగా భాగించబడేవే. 4తో మొదలుపెట్టి ఐదేసి చొప్పున ఎంత దూరం వెళ్లినా ఇంతే. 5తో మొదలుపెట్టి ఏడేసి చొప్పున వెళితే 7, 77, 490: అన్నీ 7 గుణిజాలు. 6తో మొదలుపెట్టి పదకొండేసి చొప్పున వెళితే 11, 297, 3718: అన్నీ 11 గుణిజాలు. 1919లో ఆయన వీటిని ప్రకటించాడు.

ఒక అంకశ్రేఢి పొడవునా శేషం ఒకేలా రావడాన్ని ఇకపై శేషసామ్యం అందాం. ఇంగ్లీషులో దీన్ని కాంగ్రుయెన్స్ అంటారు.

ఇందులో వింతేముందని తోచవచ్చు. విభజన అంటే కూడిక వ్యవహారం. 5తో భాగించబడటం గుణకార వ్యవహారం. కూడికలను లెక్కపెడుతూ పోతే గుణకారం నియమం తప్పకుండా ఎందుకు ఎదురవ్వాలి? అలా అవుతుందని అనుకోవడానికి ముందుగా ఏ కారణమూ కనిపించదు. పైగా 5, 7, 11 తరవాత 13 వంతు వస్తుందనుకుంటాం. రాదు. ఇంత సులువైన రూపంలో ఉండే శేషసామ్యాలు ఈ మూడింటికి తప్ప మరే ప్రధాన సంఖ్యకూ లేవని 2003లో ఆల్‌గ్రెన్, బోయ్‌లన్ నిరూపించారు. 13కూ ఉన్నాయి గానీ అవి చాలా లోతున ఉంటాయి. 1960లలో ఆట్కిన్ బయటపెట్టిన ఒకటి 237 దగ్గర మొదలై 17,303 చొప్పున అడుగులు వేస్తుంది. పట్టిక చూస్తూ కూర్చుంటే దొరికే వస్తువు కాదది.

ఇరవై ఏళ్ల కుర్రాడి ఊహ

30 విభజనలు 5తో భాగించబడుతున్నాయంటే, వాటిని ఆరేసి చొప్పున ఐదు సమాన గుంపులుగా పెట్టవచ్చన్నమాట. పెట్టవచ్చు సరే, ఏ విభజన ఏ గుంపులోకి వెళ్లాలో చెప్పే గుర్తు ఏదైనా ఉందా? రామానుజన్ రుజువులో అలాంటి గుర్తు లేదు. ఈ ప్రశ్న అడిగినవాడు ఫ్రీమన్ డైసన్. తరవాతి కాలంలో భౌతికశాస్త్రంలో పెద్ద పేరు తెచ్చుకున్న డైసనే. 1944లో, ఇరవై ఏళ్ల వయసులో, కేంబ్రిడ్జి విద్యార్థుల గణిత పత్రిక యురేకాలో ఒక చిన్న వ్యాసం రాశాడు.

ఆయన చెప్పిన గుర్తు చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. విభజనలో అన్నిటికన్నా పెద్ద భాగం తీసుకోండి. మొత్తం ఎన్ని భాగాలున్నాయో అందులోంచి తీసేయండి. వచ్చేదే ఆ విభజన ర్యాంకు.

4తో చేసి చూద్దాం. 4 ఒక్కటే ఉన్న విభజనలో పెద్ద భాగం 4, భాగాల సంఖ్య 1, ర్యాంకు 3. 3+1కు ర్యాంకు 1. 2+2కు 0. 2+1+1కు −1. నాలుగు ఒకట్లకు −3. ఇప్పుడు వీటిని 5తో భాగించి శేషాలు రాయండి. 3, 1, 0 అలాగే ఉంటాయి. −1కి ఐదు కలిపితే 4, −3కి ఐదు కలిపితే 2. శేషాలు 3, 1, 0, 4, 2. ప్రతి శేషమూ సరిగ్గా ఒక్కసారి వచ్చింది. 9కి ఉన్న ముప్పై విభజనలతో ఇదే పని చేస్తే ప్రతి శేషానికీ ఆరేసి పడతాయి. 5కున్న ఏడు విభజనల ర్యాంకులను 7తో భాగించినా ఏడు శేషాలూ ఒక్కోసారి వస్తాయి. కాగితం, పెన్సిలు ఉంటే ఐదు నిమిషాల పని, చేసి చూడండి.

డైసన్ దీన్ని నిరూపించలేదు. నిరూపించలేదని వ్యాసంలో దాచుకోనూ లేదు. పదేళ్ల తరవాత, 1954లో, ఆట్కిన్, స్విన్నర్టన్-డయర్ ఇద్దరూ కలిసి 5కూ 7కూ రుజువు చేశారు. 11 దగ్గర మాత్రం ర్యాంకు చెల్లదు. 6 విభజనల్లో 4+1+1కూ 3+3కూ ర్యాంకు 1గానే వస్తుంది, అక్కడే బండి ఆగిపోతుంది. 11కు పనికొచ్చే గుర్తు ఇంకేదో ఉండి తీరాలని డైసన్ పట్టుబట్టి, ఇంకా ఎవరికీ దొరకని ఆ గుర్తుకు క్రాంక్ అని ముందే పేరు కూడా పెట్టేశాడు. పుట్టని బిడ్డకు నామకరణం చేయడానికి ధైర్యం కావాలి. రామానుజన్ శతజయంతి ఏడాది 1987లో జార్జ్ ఆండ్రూస్, ఫ్రాంక్ గార్వన్ దాన్ని పట్టుకున్నారు.

చివరి ఉత్తరంలో ఉన్నది

ఇప్పుడు ఉత్తరానికి వద్దాం. అందులో పదిహేడు ప్రమేయాలున్నాయి. నాలుగు మూడో క్రమానివి, పది ఐదో క్రమానివి, మూడు ఏడో క్రమానివి. క్రమం అంటే రామానుజన్ వాటిని విడదీసిన గుంపు పేరు అనుకుంటే చాలు. ప్రమేయం అన్న మాటకు బెదరక్కర్లేదు. మన పనికి, అంతులేని ఒక సంఖ్యల వరస అనుకుంటే చాలు: సున్నా స్థానంలో ఒక సంఖ్య, ఒకటో స్థానంలో ఒక సంఖ్య, అలా. ఆ స్థానాల్లో కూర్చున్న సంఖ్యలనే గుణకాలు అంటారు. ఈ అధ్యాయమంతా ఆ గుణకాల గురించే.

మూడో క్రమంలో మొదటిది, ఎఫ్ అనే ప్రమేయం, సున్నా స్థానం నుంచి ఇలా మొదలవుతుంది: 1, 1, −2, 3, −3, 3, −5, 7. ఈ సంఖ్యలు దేన్ని లెక్కపెడుతున్నాయి? రామానుజన్ ఉత్తరంలో ఆ మాట లేదు. ర్యాంకు వచ్చాక తెలిసింది. సరి ర్యాంకు ఉన్న విభజనలు ఎన్నో లెక్కించి, అందులోంచి బేసి ర్యాంకు ఉన్నవాటిని తీసేస్తే వచ్చేది ఎఫ్ గుణకం. పైన 4కు వేసిన ర్యాంకులు చూడండి: 3, 1, −1, −3 బేసి, 0 ఒక్కటే సరి. ఒకటిలోంచి నాలుగు పోతే −3. నాలుగో స్థానంలో ఉన్నది −3. అంటే 1944లో డైసన్ విడిగా ఊహించిన గుర్తు, 1920 నాటి ఉత్తరంలో వేరే వేషంలో అప్పటికే ఉంది.

మూడో క్రమంలోనే ఒమేగా అనే మరొకటి ఉంది. ఇది ఉత్తరంలో లేదు. 1935లో లండన్ మ్యాథమెటికల్ సొసైటీ అధ్యక్షోపన్యాసంలో జి. ఎన్. వాట్సన్ దీన్ని ప్రకటించాడు. రామానుజన్ చివరి రోజుల కాగితాల్లో ఇది ముందే ఉందని చాలాకాలానికి గాని తెలియలేదు. వాట్సన్ 1965లో పోయాక ఆయన దగ్గరున్న కాగితాలు కేంబ్రిడ్జిలో ట్రినిటీ కాలేజీవారి రెన్ లైబ్రరీకి చేరాయి. 1976లో ఆండ్రూస్ వాటిలో వెతుకుతుంటే రామానుజన్ చేతిరాతలో వంద పేజీలు దాటిన కట్ట బయటపడింది. దాన్నే ఇప్పుడు లాస్ట్ నోట్‌బుక్ అంటున్నారు. నిజానికి అది నోటుపుస్తకమూ కాదు, పోయిందీ కాదు. లైబ్రరీలో భద్రంగానే ఉంది, చూసినవాడు లేడు.

ఒమేగా గుణకాలు ఏం లెక్కపెడతాయో 2015లో ఆండ్రూస్, అతుల్ దీక్షిత్, ఏ జా యీ ముగ్గురూ చెప్పారు. ఒక సంఖ్య విభజనలన్నీ రాయండి. ఒక్కో విభజనలో అన్నిటికన్నా చిన్న భాగాన్ని రెట్టింపు చేయండి. బేసి భాగాలన్నీ ఆ రెట్టింపు కన్నా తక్కువగా ఉంటేనే ఆ విభజనను ఉంచండి. 5కు ఏడు విభజనలు. 3+1+1లో చిన్నది 1, రెట్టింపు 2, 3 దాన్ని మించింది కాబట్టి అది పోతుంది. మిగతా ఆరూ నిలుస్తాయి. 1 నుంచి వరసగా ఇలా లెక్కిస్తే 1, 2, 3, 4, 6, 8, 10, 14, 18, 22, 29, 36 వస్తాయి. అవి ఒమేగా గుణకాలే. వీటిని నిలిచిన విభజనలు అని పిలుచుకుందాం. స్థానాల లెక్క కూడా ఈ సంఖ్యను బట్టే పెట్టుకుందాం, 5వ స్థానంలో 6, 6వ స్థానంలో 8 అన్నట్టు.

పూర్తికాని ముగ్గు

ఉత్తరంలో ఇన్ని ఉన్నా ఒకటి లేదు. ఈ ప్రమేయాలు అసలు ఏ జాతివి?

తీటా ప్రమేయాలు రామానుజన్‌కు చాలాముందు నుంచే ఉన్నవి. వాటి గొప్పతనం సౌష్ఠవంలో ఉంది. కొన్ని పద్ధతుల్లో తిప్పినా, తలకిందులు చేసినా అవి మళ్లీ తమ రూపంలోకే వస్తాయి. ఆ గుణం ఉన్నవాటిని మాడ్యులర్ రూపాలు అంటారు. అంత సౌష్ఠవం ఉన్న వస్తువు చేతికి వస్తే దాని గుణకాల గుట్టు విప్పడానికి కావలసిన పనిముట్లు గణితంలో బోలెడున్నాయి. 5, 7, 11 శేషసామ్యాలు ఉండటానికి కారణం కూడా ఆ సౌష్ఠవమే. మాక్ తీటాలు మాత్రం కొన్నిచోట్ల అచ్చం తీటాల్లా ప్రవర్తిస్తాయి, తిప్పి చూస్తే తమ రూపంలోకి పూర్తిగా రావు. కొద్దిగా తేడా కొడతాయి. ఆ తేడా ఏమిటో వాట్సన్ కొంత కొలిచాడు. ఆండ్రూస్ 1966లో మరికొంత ముందుకు తీసుకెళ్లాడు. ఆ తేడా ఎందుకో చెప్పినవాడు లేడు.

మెలికల ముగ్గు వేసేవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. చుక్కల చుట్టూ తిరిగిన గీత బయలుదేరిన చోటికే వచ్చి కలవాలి. నాలుగు వైపుల నుంచీ ముగ్గు ఒకేలా కనిపించాలి. మాక్ తీటా ఒక గీత వేయకుండా వదిలేసిన ముగ్గు. దూరం నుంచి అంతా సరిగ్గానే ఉంటుంది. నాలుగో వైపుకు వచ్చి చూస్తే ఎక్కడో పొత్తు కుదరదు. అయితే వదిలేసిన ఆ గీత ఏది? 2002లో నెదర్లాండ్స్‌లోని యుట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో సాండర్ జ్వెగర్స్ అనే విద్యార్థి తన పీహెచ్‌డీ సిద్ధాంతగ్రంథంలో దాన్ని గీసి చూపించాడు. ఉత్తరం రాసిన ఎనభై రెండేళ్లకు.

ఆ గీత తెల్లముగ్గుతో వేసింది కాదు, రంగుముగ్గుతో వేయాల్సింది. అంటే, మాక్ తీటా గుణకాలు మనకు తెలిసిన పూర్ణసంఖ్యలు. జ్వెగర్స్ కలిపిన గీత ఆ జాతిది కాదు, దానిలో పూర్ణసంఖ్యలు ఉండవు. అయినా రెండూ కలిస్తే సౌష్ఠవం పూర్తిగా కుదురుతుంది. ఈ రంగుగీతకు మూలమైన ప్రమేయాన్ని గణితజ్ఞులు నీడ అంటారు.

శేషసామ్యాల కోసం వెతికేవాడికి ఇది మంచి వార్తా, చెడ్డ వార్తా? మొదట చెడ్డదే. సౌష్ఠవం ఉన్నది మొత్తం ముగ్గుకు. మనకు కావలసింది తెల్లముగ్గు గురించిన సమాచారం. రంగుగీత కలిసిపోయాక 5తో భాగించబడుతుందా అన్న ప్రశ్నకే అర్థం ఉండదు. పూర్ణసంఖ్యలే కానివాటికి శేషాలెక్కడివి?

దారి దొరికింది ఇక్కడే. ఆ రంగుగీత అన్ని చుక్కలనూ తాకదు. కొన్నిటినే తాకుతుంది, అవి ఏవో ముందే తెలుసు. గీత తాకని చుక్కలను మాత్రం ఏరుకుంటే అక్కడ ముగ్గు మొదటి నుంచీ పూర్తిగానే ఉన్నట్టు. వాటి మీద మాడ్యులర్ రూపాల పనిముట్లన్నీ నిరభ్యంతరంగా వాడవచ్చు. కాత్రిన్ బ్రింగ్‌మన్, కెన్ ఓనో డైసన్ ర్యాంకులకు శేషసామ్యాలు అంతులేకుండా ఉన్నాయని చూపించింది ఈ దారినే. ఒమేగాకూ అవి అనంతంగా ఉన్నాయని 2008లో గార్త్‌వైట్, పెనిస్టన్ నిరూపించారు. ఉన్నాయని తెలియడం వేరు, ఇదిగో అని వేలుపెట్టి చూపించడం వేరు. ఆ రెండో పని 2011లో మాత్యాస్ వాల్డ్‌హెర్ చేశాడు.

28, 36 స్థానాల్లో

వాల్డ్‌హెర్ చూపించింది ఇది: నిలిచిన విభజనల వరసలో 28వ స్థానం నుంచి నలభయ్యేసి చొప్పున వెళితే ప్రతి సంఖ్యా 5 గుణిజమే. 36 నుంచి నలభయ్యేసి వెళ్లినా అంతే. 28వ స్థానంలో 660, 36వ స్థానంలో 2120. ఎందుకో చూడవచ్చు, పెద్ద గణితం అక్కర్లేదు.

ముందు గీత ఎక్కడ తాకుతుందో కనుక్కుందాం. ఒమేగాకు సంబంధించి నియమం ఇది: స్థానాన్ని 3తో గుణించి 1 తీసేయాలి. గీత తాకే చోట వచ్చేది రుణ గుర్తు పెట్టిన వర్గసంఖ్య, −1, −4, −16, −25 లాంటిది. ఇప్పుడు 8తో భాగించి శేషాలు చూడండి. ఏ బేసి వర్గాన్ని 8తో భాగించినా 1 మిగులుతుంది: 1, 9, 25, 49 అన్నీ అంతే. రుణ గుర్తు పెడితే 7 మిగులుతుంది. సరి వర్గాలు 4 గుణిజాలు కాబట్టి రుణ గుర్తు పెట్టినా 0 లేదా 4 మిగులుతుంది. అంటే గీత 0, 4, 7 శేషాలున్న చోట్లే తిరుగుతుంది.

4, 12, 20, 28 స్థానాలు తీసుకుందాం, ఎనిమిదేసి చొప్పున. మూడుతో గుణించి ఒకటి తీసేస్తే 11, 35, 59, 83. ఎనిమిదితో భాగిస్తే అన్నిటికీ 3 మిగులుతుంది. గీత ఈ వరసను ఎక్కడా తాకదు. 6, 14, 22, 30 స్థానాలకు 17, 41, 65, 89 వస్తాయి, శేషం 1. ఇక్కడా తాకదు. ఇవి రెండూ శుభ్రమైన వరసలు.

ఇప్పుడు ఆ స్థానాల్లో ఏమున్నాయో చూడండి. 4 దగ్గర 4, 12 దగ్గర 36, 20 దగ్గర 176, 28 దగ్గర 660. అన్నీ 4 గుణిజాలు. 6 దగ్గర 8, 14 దగ్గర 56, 22 దగ్గర 248, 30 దగ్గర 896. అన్నీ 8 గుణిజాలు! ఆండ్రూస్, పాసరీ, సెల్లర్స్, యీ ఈ వరసల్లో 4కూ 8కీ శేషసామ్యాలు ఎప్పటికీ నిలుస్తాయని నిరూపించారు. మొదటి వరసకైతే సూత్రమే దొరికింది. ఆ సంఖ్యలన్నిటిలోంచి 4ను బయటికి లాగేస్తే 1, 9, 44, 165 మిగులుతాయి. ఈ మిగిలిన వరస రెండు వరసల గుణకార ఫలితం.

వాటిలో ఒకటి, 5 గుణిజాలన్నిటినీ సున్నా కింద జమకడితే, 0, 5, 10, 15 లాంటి స్థానాల్లో తప్ప మరెక్కడా ఏమీ మిగలని వరస. రెండోది ఆయిలర్ 18వ శతాబ్దంలోనే లెక్కగట్టినది. అందులో 0, 1, 2, 5, 7, 12, 15, 22, 26, 35, 40 లాంటి స్థానాల్లో 1 గానీ −1 గానీ ఉంటుంది, మిగతాచోట్ల అన్నీ సున్నాలే. వీటిని పంచభుజ సంఖ్యలంటారు. వీటి చివరి అంకెలు చూడండి: 0, 1, 2, 5, 6, 7 మాత్రమే వస్తాయి. 3, 4, 8, 9 ఎప్పుడూ రావు. అంటే 5తో భాగిస్తే 3 గానీ 4 గానీ మిగిలే పంచభుజ సంఖ్య లేదు.

వరసలను గుణించేటప్పుడు స్థానాలు కలుస్తాయి. ఐదు గుణిజాన్ని కలిపితే 5 శేషం మారదు. కాబట్టి గుణకార ఫలితంలో 5తో భాగిస్తే 3 గానీ 4 గానీ మిగిలే స్థానాలు, 5 దృష్టిలో, ఖాళీ. సున్నా నుంచి లెక్కపెడితే 1, 9, 44, 165లో మూడో స్థానంలో ఉన్నది 165. ఐదు గుణిజమే. మన అసలు వరసలో అది ఎక్కడిది? ఎనిమిది మూళ్లు ఇరవై నాలుగు, నాలుగు కలిపితే 28. నాలుగో స్థానానిది 36. వాల్డ్‌హెర్ చెప్పిన రెండు మొదళ్లూ ఇవే. ఐదేసి అడుగులు ఎనిమిదేసి చొప్పున పడితే నలభై. లెక్క ముగిసింది. పైగా 28, 36 మొదలైన వరసలు రెండూ 4 గుణిజాల వరసలోవే కాబట్టి ఆ సంఖ్యలు 5కు మాత్రమే కాదు, 20కి గుణిజాలు. 660 అంటే 20 ముప్పై మూళ్లు, 2120 అంటే 20 నూటారులు.

నాకు ఈ రుజువులో నచ్చింది దాని పొట్టిదనం కాదు. మాక్ తీటా దాకా వెళ్లి, నీడ పడని చోటు ఏరుకుని, అక్కడ కూర్చుంటే చేతికొచ్చింది ఆయిలర్ కాలంనాటి పనిముట్టు.

యాజలి నుంచి ఒక ప్రశ్న

అన్ని సంఖ్యలకూ ఇలా దొరుకుతాయా? ఎక్కడ దొరకవో తెలుసుకోవడం కూడా ఈ శాస్త్రంలో భాగమే. ఈ వైపు మొదటి ప్రశ్న అడిగిన వారిలో ఒక తెలుగాయన ఉన్నాడు. మతుకుమల్లి వెంకట సుబ్బారావు 1921లో గుంటూరు జిల్లా యాజలిలో పుట్టాడు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనూ పనిచేసి, 1963లో కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయానికి వెళ్లి 2006లో పోయేదాకా ఎడ్మంటన్‌లోనే ఉన్నాడు. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు కనబడదు. విభజనల మీద పనిచేసే వాళ్లకు మాత్రం సుబ్బారావు ఊహ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

1966లో ఆయన వేసిన ఊహ ఇది: ఏ అంకశ్రేఢి తీసుకున్నా, దాని పొడవునా విభజనల సంఖ్య అనంతంగా సరి అవుతుంది, అనంతంగా బేసి కూడా అవుతుంది. అంటే మామూలు విభజనలకు 2 విషయంలో శేషసామ్యం ఏ వరసలోనూ ఉండదని. సరి వైపు 1996లో కెన్ ఓనో నిరూపించాడు. బేసి వైపు మొండికేసింది. 2012లో సిల్వియు రాడు దాన్నీ పూర్తిచేశాడు. ఊహకూ రుజువుకూ మధ్య నలభై ఆరేళ్లు. అది తేలేసరికి సుబ్బారావు లేడు.

ఇందులో మాక్ తీటా ప్రసక్తి ఎక్కడుందంటే, ఎఫ్ గుణకం అంటే సరి ర్యాంకు విభజనలలోంచి బేసి ర్యాంకు విభజనలు తీసేయగా వచ్చింది. తీసేసినా కలిపినా ఫలితం సరా బేసా అన్నది మారదు: ఏడులోంచి మూడు పోతే నాలుగు, ఏడుకు మూడు కలిపితే పది, రెండూ సరే. కలిపితే వచ్చేది మొత్తం విభజనల సంఖ్య. కాబట్టి ఎఫ్ గుణకం సరి అయితే విభజనల సంఖ్యా సరి, బేసి అయితే బేసి. సుబ్బారావు ఊహ రుజువైన రోజే, ఎఫ్‌కు 2 విషయంలో ఏ అంకశ్రేఢిలోనూ శేషసామ్యం లేదని కూడా తేలిపోయినట్టు. ఒమేగాకేమో అదే 2, 4, 8 విషయంలో కావలసినన్ని. ఒకే ఇంట్లో పుట్టిన రెండు మూడో క్రమం ప్రమేయాలు, ఇంత తేడా.

3 దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకే దారి. ఎఫ్‌కు గానీ, ఒమేగాకు గానీ 3 విషయంలో ఏ అంకశ్రేఢి మీదా శేషసామ్యం ఉండదని 2015లో ఆల్‌గ్రెన్, కిమ్ నిరూపించారు. నిలిచిన విభజనల వరసలో 3 గుణిజాలు లేవని కాదు. 3వ స్థానంలో 3 ఉంది, 5లో 6, 9లో 18, 12లో 36, 21లో 210, 28లో 660. వాటి మధ్య దూరాలు 2, 4, 3, 9, 7. వీటిలో ఏ స్థానం నుంచి బయలుదేరి, ఎంతేసి అడుగులు వేసుకుంటూ వెళ్లినా, దారిలో ఎక్కడో ఒకచోట 3తో భాగించబడని సంఖ్య ఎదురై తీరుతుంది.